తూకపు గుండు చెప్పిన సాక్ష్యం
(సర్ జార్జి ఎవరెస్టు జీవిత విశేషాలు)

ప్రపంచంలోకెల్లా ఎత్తైన శిఖరం ఏదని అడిగితే మూడో తరగతి పిల్లవాడు కూడా ఎవరెస్టు అని తడుముకోకుండా చెప్తాడు. కాని ఎవరెస్టు అన్నది ఒక మనిషి పేరనీ, ఆ మనిషి మన కృష్ణా గోదావరుల నడుమ ఎండనక వాననక తిరిగినవాడనీ, ఇక్కడి అడవి జ్వరంతోనే చావు అంచు దాకా పోయి వచ్చినవాడనీ పెద్దవాళ్లలో కూడా చాలామందికి తెలియదు. అందుకని ఈసారి సావనీరుకు ఆయన జీవితాన్ని ఎంచుకున్నాము.

దీనికి మరొక కారణం కూడా ఉన్నది. మేము ఉర్దూ మీడియం బడిలో పాఠాలు చెప్పేవాళ్లం. కషిషె సిఖ్ల్, అంటే గురుత్వాకర్షణ పాఠం వచ్చినప్పుడల్లా పిల్లలు చెట్టు మీది పండు కింద పడుతుంది అన్న మాట దగ్గరే ఆగిపోతారు. ఆకర్షణ అంటే కిందికి లాగేది అని మాత్రమే వాళ్ల మనసులో నాటుకుంటుంది. అది పక్కకు కూడా లాగుతుందనీ, కొండ కూడా లాగుతుందనీ నమ్మించడం కష్టం. ఎవరెస్టు జీవితం చదివినవాళ్లకు ఆ సంగతి చక్కగా బోధపడుతుంది.

గుండు, దారం

మన సుతారి మేస్త్రీలు గోడ కట్టేటప్పుడు దారానికి గుండు కట్టి వేలాడదీస్తారు గదా. ఉర్దూలో దాన్ని షాకూల్ అంటాము. మసీదు మీనారు లేపినా, ఇంటి గోడ లేపినా ఆ గుండు సాక్ష్యం లేకుండా పని నడవదు. గుండు ఎటు చూస్తే అదే కింద. అందులో అనుమానం ఏమున్నది అని అందరూ అనుకుంటారు.

న్యూటన్ మహాశయుడు 1687లో అచ్చు వేసిన గ్రంథంలో చెప్పిన సూత్రం ప్రకారం అనుమానం ఉన్నది. ఆ సూత్రం ఏమంటుందంటే, లోకంలో ప్రతి వస్తువూ ప్రతి ఇతర వస్తువునూ లాగుతుంది. ద్రవ్యం ఎక్కువైతే లాగుడు ఎక్కువ. దూరం రెట్టింపైతే లాగుడు నాలుగో వంతుకు తగ్గుతుంది. భూమి మహా పెద్దది కాబట్టి గుండును తనవైపు లాక్కుంటుంది. అయితే పక్కన ఒక పెద్ద పర్వతం ఉంటే? అది కూడా తన శక్తి కొద్దీ గుండును లాగవలసిందే. అప్పుడు దారం కొంచెం పర్వతం వైపు ఒరగాలి. 1738లో ఫ్రెంచి పండితుడు బూగే దక్షిణ అమెరికాలోని చింబొరాజో పర్వతం దగ్గర, 1774లో మాస్కెలిన్ స్కాట్లాండులోని షిహాలియన్ కొండ దగ్గర ఈ ఒరుగును కొలిచి చూశారు.

బరువు గురించిన ఆలోచన అంతకు చాలా పూర్వం నుంచీ ఉన్నదే. అల్ ఖాజినీ అనే విద్వాంసుడు 1121లో పూర్తి చేసిన మీజానుల్ హిక్మత్ గ్రంథంలో, భూకేంద్రం నుంచి ఉన్న దూరాన్ని బట్టి వస్తువు బరువు మారుతుందనే ఊహ చేశాడు. అంతకు నూరేండ్ల ముందు అల్ బిరూనీ పంజాబులోని నందనా కోట దగ్గరి కొండ ఎత్తును ఆధారం చేసుకుని భూమి ఎంత పెద్దదో లెక్క కట్టాడు. ఎవరెస్టు చేసిన పని ఆ పరంపరలోనిదే.

పదహారేండ్ల సైనికుడు

జార్జి ఎవరెస్టు 1790 జూలై 4న పుట్టాడు. 1806లో, అంటే పదహారేండ్ల వయసులో, ఈస్టిండియా కంపెనీ వారి బెంగాలు ఫిరంగి దళంలో చేరి మన దేశం వచ్చాడు. లెక్కల్లో దిట్ట. 1814 నుంచి రెండేండ్లు జావా ద్వీపంలో సర్వే పని చేశాడు. ఆ పనితనం చూసి 1818లో ఆయనను విలియం లాంబ్టన్ కింద ముఖ్య సహాయకుడిగా వేశారు.

ఈ లాంబ్టన్ గురించి నాలుగు మాటలు చెప్పక తప్పదు. 1802లో మద్రాసు సెయింట్ థామస్ మౌంట్ దగ్గర ఏడున్నర మైళ్ల నేలను ఉక్కు గొలుసుతో కొలిచి, ఆ గీత మీద త్రిభుజాలు అల్లుకుంటూ దేశమంతా కొలిచే పని మొదలుపెట్టిన పెద్దమనిషి ఆయన. ఒక భుజం పొడవు, రెండు కోణాలు తెలిస్తే మిగిలిన రెండు భుజాలూ లెక్కతో వస్తాయి. కోణాలు కొలిచే థియోడలైటు యంత్రం అర టన్ను బరువు. దాన్ని కొండల మీదికీ గుడి గోపురాల మీదికీ మనుషులు మోసి ఎక్కించేవారు. 1808లో తంజావూరు గోపురం ఎక్కిస్తుండగా మోకు తెగి యంత్రం గోడకు కొట్టుకుంటే, లాంబ్టన్ ఆరు వారాలు డేరాలో కూర్చుని తానే బాగు చేసుకున్నాడు. ఇట్లా కన్యాకుమారి వైపు నుంచి ఉత్తరానికి సాగిన ఈ కొలత 1815 నాటికి బీదరు చేరింది. 1818 చివర ఎవరెస్టు వచ్చి ఆయనను కలిసింది మన హైదరాబాదులోనే. అప్పుడు నిజాము సికందర్ జా పరిపాలన.

కృష్ణా గోదావరుల నడుమ

1819లో లాంబ్టన్ ఎవరెస్టును హైదరాబాదుకు తూర్పుగా కృష్ణా గోదావరుల మధ్య దేశం కొలవడానికి పంపాడు. మన కట్టంగూరు కూడా ఆ రెండు నదుల మధ్య దేశంలోనిదే. ఇక్కడి నేల ఎట్లాంటిదో మనకు చెప్పనక్కర లేదు. నల్లరాతి గుట్టలు, తుమ్మ చెట్లు, చెరువులు. ఎండకాలంలో దుమ్ము లేచి రెండు కోసుల దూరం గుట్ట కూడా కనబడదు. ముసురు పట్టి వెలిసిన తర్వాతనే గాలి కడిగినట్టు తేటగా ఉండి దూరపు గుట్టలు కండ్లకు కడతాయి. సర్వేవాళ్లకు కావలసింది ఆ చూపే. అందుకే వాళ్లు వానకాలంలోనే తిరిగేవారు. వానకాలం అంటే అడవిలో జ్వరాల కాలం కూడా.

వెంట ఇచ్చిన నిజాము సిపాయిలు ఈ చాకిరీ మావల్ల కాదని ఎదురు తిరిగారు. ఎవరెస్టు వాళ్లలో కొందరిని పట్టించి కొరడా దెబ్బలు కొట్టించాడు. ఆయన పట్టుదల ఎంత గొప్పదో కోపం అంత చెడ్డది. మహనీయుల జీవితం రాసేటప్పుడు మంచి మాత్రమే రాసి చెడును దాచడం న్యాయం కాదు గనుక ఈ మాట కూడా రాస్తున్నాము.

తర్వాత గోదావరి వైపు యల్లాపురం అడవుల్లో ఉండగా జ్వరం తగిలింది. ఎవరెస్టు పడ్డాడు, వెంట ఉన్న డాక్టరు వాయిసే పడ్డాడు, కొద్ది రోజుల్లోనే దాదాపు నూట యాభై మంది పడ్డారు. కబురు అంది హైదరాబాదు నుంచి ఏనుగులు, పల్లకీలు, బండ్లు పంపితే అందరినీ మోసుకొచ్చారు. దారిలో పదిహేను మంది ప్రాణాలు పోయాయి. వాళ్లు జెండాలు మోసినవాళ్లు, చెట్లు కొట్టినవాళ్లు, యంత్రాలు మోసిన ఖలాసీలు. దొరల పేర్లు పుస్తకాలకెక్కాయి. వీళ్ల పేర్లు ఎక్కలేదు. వీళ్ల భార్యాపిల్లలు ఏమైపోయారన్నది ఏ సర్వే లెక్కలోకీ రాలేదు. కష్టంలో ఉన్న కుటుంబాల కోసం నాలుగు రూపాయలు పోగుచేసుకునే మన సొసైటీ సభ్యులు ఈ పదిహేను మంది సంగతి ఒక్క నిమిషం ఆలోచించాలని కోరుతున్నాము.

కేప్‌లో దొరికిన కీలకం

జ్వరం వదలక ఎవరెస్టు 1820లో ఆఫ్రికా దక్షిణ కొసన ఉన్న కేప్‌కు పోయాడు. విశ్రాంతికని పోయిన మనిషి అక్కడ కూడా ఊరికే కూర్చోలేదు. 1752లో లకాయ్ అనే ఫ్రెంచి ఖగోళ శాస్త్రవేత్త అక్కడ భూమిని కొలిచాడు. ఆ కొలత ప్రకారం భూమి దక్షిణ భాగం నిమ్మకాయ మాదిరి సాగినట్టు తేలి పండితులంతా తికమకపడుతున్నారు. ఎవరెస్టు ఆ స్థలాలన్నీ తిరిగి చూశాడు. కొలత మొదట్లోనూ చివర్లోనూ పెద్ద కొండలు ఉన్నాయి. వాటి ఆకర్షణ వల్ల గుండు పక్కకు ఒరిగి ఉంటుంది, లెక్క అందుకే చెడింది అని ఆయన తేల్చాడు. తర్వాత 1840ల్లో మాక్లియర్ అనే శాస్త్రజ్ఞుడు మళ్లీ కొలిచి చూస్తే ఎవరెస్టు ఊహ నిజమేనని రుజువైంది.

గుండు ఒరిగితే లెక్క ఎట్లా చెడుతుందో కొంచెం వివరిస్తాము. ఒక ఊరు భూమధ్యరేఖకు ఎంత ఉత్తరాన ఉందో తెలుసుకోవడానికి రెండు దారులు. ఒకటి, నేల మీద గొలుసుతో, త్రిభుజాలతో కొలుచుకుంటూ పోవడం. రెండు, రాత్రి నక్షత్రం నడినెత్తి నుంచి ఎంత దూరంలో ఉందో చూడడం. నడినెత్తి ఏదో చెప్పేది తూకపు గుండే. గుండు ఒరిగితే నడినెత్తి కూడా ఒరుగుతుంది. అప్పుడు ఆకాశం లెక్క ఒకటి, నేల లెక్క ఒకటి అవుతుంది.

ఐదు సెకండ్ల తేడా

1823 జనవరి 20న లాంబ్టన్ హింగన్‌ఘాట్‌లో కన్నుమూశాడు. పని బాధ్యత ఎవరెస్టు మీద పడింది. అప్పటికి ఆయన కాళ్లూ చేతులూ సరిగా ఆడడం లేదు. యంత్రం ముందు కూర్చోవాలంటే ఇద్దరు మనుషులు ఎత్తి కూర్చోబెట్టవలసి వచ్చేది. అయినా 1825 దాకా పని నడిపి, తర్వాత ఇంగ్లండు పోయి, కొత్త యంత్రాలతో 1830లో సర్వేయర్ జనరలుగా తిరిగి వచ్చాడు. ఆ సంవత్సరమే భూమి ఆకారం గురించి ఆయన వేసిన లెక్క వెలువడింది. మన దేశపు సర్వే పటాలు తర్వాత నూటయాభై ఏండ్లకు పైగా ఆ లెక్క ఆధారంతోనే తయారయ్యాయి.

గంగా యమునల మధ్య మైదానంలో ఎక్కడానికి గుట్టలు లేవు. అందుకని ఎత్తైన బురుజులు కట్టించి వాటి మీద యంత్రాలు పెట్టారు. ఆ ఎత్తు నుంచి దుర్భిణీ పెడితే మా జనానా కనబడుతుందని ఊళ్లవాళ్లు అభ్యంతరం చెప్పారు. పరదా పాటించే ఇండ్ల వాళ్లకు ఆ భయం సహజమే. ఇట్లాంటి చిక్కులన్నీ దాటి కొలత డెహ్రాడూను చేరింది. అక్కడ 1834, 1835లలో ఏడు మైళ్లకు పైగా నేలను మళ్లీ కొలిచి, సిరోంజి నుంచి త్రిభుజాల లెక్కతో వచ్చిన పొడవుతో పోల్చి చూస్తే తేడా ఏడు అంగుళాల చిల్లర! నాలుగు వందల మైళ్లకు పైగా లెక్కలో ఏడు అంగుళాలు.

హిమాలయాలు గుండును లాగుతాయని కేప్ నాటి నుంచే తెలిసిన మనిషి గనుక, ఎవరెస్టు తన గీతకు ఉత్తరపు కొసను కొండల అంచున పెట్టలేదు. వెనక్కు జరిగి మైదానంలో కలియానా అనే చోట పెట్టాడు. మధ్య స్థానం సిరోంజి దగ్గరి కలియాన్‌పూర్. దక్షిణపు కొస బీదరు దగ్గరి దామరగిద్ద. 1841 నాటికి పని ముగిసింది.

అప్పుడు తేలింది ఆ తేడా. కలియాన్‌పూర్ నుంచి కలియానాకు సుమారు 600 కిలోమీటర్లు. నేల లెక్కకూ నక్షత్రాల లెక్కకూ మధ్య 5.236 సెకండ్ల తేడా వచ్చింది. ఒక డిగ్రీని 3600 భాగాలు చేస్తే ఒక భాగం సెకండు. నేల మీద చూస్తే అది 160 మీటర్లు. గుండు లెక్కన చూస్తే, వంద మీటర్ల పొడవు దారం కట్టినా గుండు పక్కకు జరిగేది రెండున్నర మిల్లీమీటర్లే. ఎవరి కంటికీ ఆనని తేడా.

ఎవరెస్టు చివరి లెక్కలో ఆ తేడాను గొలుసు పొడవునా పంచి సర్దాడు. కాని 1847లో అచ్చు వేసిన గ్రంథంలో అది బయటపడేటట్టు కొలతలన్నీ ఉన్నవి ఉన్నట్టు పెట్టాడు, దేన్నీ కొట్టివేయలేదు. మా దృష్టిలో ఆయన చేసిన పనులన్నిటిలోకీ గొప్పది ఇదే.

పర్వతానికి వేర్లు

ఆ అంకెలు కలకత్తాలో ప్రాట్ అనే పాద్రీ కంటపడ్డాయి. ఆయన గణితంలో ఘనుడు. హిమాలయాల ద్రవ్యం ఎంతో అంచనా కట్టి, అవి గుండును ఎంత లాగాలో లెక్క వేశాడు. 15.885 సెకండ్లు రావాలని తేలింది. వచ్చిందేమో ఐదే. అంటే అంత మహా పర్వతం తన ఒడ్డూ పొడుగుకు తగినట్టు లాగడం లేదు! మూడో వంతే లాగుతున్నది. మిగిలిన లాగుడు ఏమైంది?

1855లో గ్రీనిచ్ ఖగోళ శాస్త్రజ్ఞుడు ఎయిరీ జవాబు చెప్పాడు. నీళ్లలో దుంగ తేలితే పైకి కనబడే దానికంటే లోపల మునిగింది ఎక్కువ. అట్లాగే పర్వతాల కింద తేలిక రాయి వేర్ల మాదిరి లోతుకు దిగి ఉంటుంది, లోపలి బరువైన పదార్థాన్ని పక్కకు నెట్టి దాని చోటు ఆక్రమిస్తుంది. అందుకే మొత్తం ఆకర్షణ తగ్గుతుంది. ప్రాట్ 1859లో మరో తీరు వివరణ ఇచ్చాడు. రెంటి సారం ఒకటే. భూమి పైపొర లోపలి పొర మీద తూకం తప్పకుండా తేలి ఉన్నది. భూగర్భ శాస్త్రానికి పునాది లాంటి ఈ సంగతి తవ్వితే దొరికింది కాదు, దారానికి కట్టిన గుండు చెప్పగా దొరికింది.

తర్వాత 1865 నుంచి బాసెవీ అనే అధికారి లోలకం ఊపి దేశమంతటా ఆకర్షణ కొలిచాడు. ఆకర్షణ ఎక్కువైన చోట లోలకం తొందరగా ఊగుతుంది, తక్కువైన చోట నెమ్మదిస్తుంది. 1871లో లడఖ్ ఎత్తుల్లో చలికి, పల్చని గాలికి ఆయన ఆ పనిలోనే చనిపోయాడు.

ఆర్కాటు పనివాడు

ఎవరెస్టు కథలో మనవాళ్లు గుర్తుంచుకోవలసిన మరొక పేరు సయ్యద్ మీర్ మొహసిన్ హుసేన్. ఆర్కాటు ప్రాంతం మనిషి. నగల పని, గడియారాల పని చేసే కుటీర పనివాడు. ఆ చేతి నైపుణ్యం చూసి కలకత్తా సర్వే కార్యాలయంలోకి తీసుకున్నారు. వెంట్రుకవాసి గీత తప్పినా పనికిరాని యంత్రాలు అవి. వాటిని విప్పి, మరమ్మతు చేసి, మళ్లీ సరిచేసే పనిలో ఆయన ఇంగ్లీషు కారీగర్లకు తీసిపోలేదు. ఇంగ్లండు నుంచి వచ్చిన యంత్రకారుడు బారో వెళ్లిపోయాక ఆ స్థానం మొహసిన్ హుసేన్‌కే ఇవ్వాలని ఎవరెస్టు పట్టుబట్టి సిఫారసు చేశాడు. సిపాయిలను కొరడాతో కొట్టించిన ఆ కోపిష్టి మనిషే ఒక హిందుస్తానీ పనివాడి హునరుకు తల వంచాడు. చేతిపని నేర్చిన పిల్లలను చిన్నచూపు చూసే అలవాటు మనలో ఇంకా పోలేదు. గడియారం బాగుచేసే చేతిలోనే భూమిని కొలిచే శాస్త్రం కూడా ఉండవచ్చునని ఈ పేరు గుర్తుచేస్తుంది.

పేరు సంగతి

ఎవరెస్టు 1843లో ఉద్యోగం విరమించి ఇంగ్లండు పోయాడు. 1846లో పెండ్లి చేసుకున్నాడు. 1861లో సర్ బిరుదు వచ్చింది. ఈలోగా ఆయన వారసుడు ఆండ్రూ వా కాలంలో, పదిహేనో నంబరు శిఖరం అన్నిటికంటే ఎత్తైనదని లెక్కల్లో తేలింది. ఆ లెక్కల్లో బెంగాలీ గణితవేత్త రాధానాథ్ సిక్దర్ పాత్ర పెద్దది. దానికి ఎవరెస్టు పేరు పెట్టాలని వా ప్రతిపాదిస్తే ఎవరెస్టే అభ్యంతరం చెప్పాడు. తన పేరు ఈ దేశం జనం నోట పలకదనీ, ఫారసీలో గాని హిందీలో గాని రాయడం కుదరదనీ ఆయన వాదన. అయినా 1865లో ఆ పేరే ఖాయమైంది. ఆయన తన పేరును ఈవ్‌రెస్ట్ అని పలికేవాడు. లోకమంతా వేరుగా పలుకుతున్నది. ఉర్దూలో మాత్రం అలిఫ్, యే, వావ్, రే, సీన్, టే కలిపి మా పిల్లలు నల్లబల్ల మీద ఏ ఇబ్బందీ లేకుండా రాస్తున్నారు. 1866 డిసెంబరు 1న ఆయన మరణించాడు.

ఇప్పటి సంగతి

న్యూటన్ ఆకర్షణ ఎంతో చెప్పాడు గాని ఎందుకో చెప్పలేదు. 1915లో ఐన్‌స్టీన్ ఆ ప్రశ్నకు కొత్త జవాబు ఇచ్చాడు. ద్రవ్యం తన చుట్టూ ఉన్న స్థలాన్నీ కాలాన్నీ వంచుతుంది, వస్తువులు ఆ వంపు వెంట సాగుతాయి, దాన్నే మనం లాగుడు అనుకుంటున్నాము అని. 1919 సూర్యగ్రహణంలో నక్షత్రాల వెలుగు సూర్యుడి పక్కన వంగడం చూశారు. 2015లో ఆ వంపుల్లో లేచే అలలు యంత్రాలకు చిక్కాయి. పరమాణువుల లోకానికీ ఈ సిద్ధాంతానికీ పొత్తు కుదిర్చే పని ఇంకా సాగుతున్నది.

మన దగ్గరి సంగతి చెప్పాలంటే, హైదరాబాదులో 1961లో ఏర్పడిన జాతీయ భూభౌతిక పరిశోధనా సంస్థ 1975లో దేశం మొత్తానికీ గురుత్వాకర్షణ పటాలు వెలువరించింది. కింద బరువైన రాయి ఉన్నచోట ఆకర్షణ కాస్త ఎక్కువ, తేలిక రాయి ఉన్నచోట తక్కువ. నేల తవ్వకుండానే లోపల ఏముందో అంచనా కట్టడానికి ఇది ఆసరా. మన దేశానికి దక్షిణంగా హిందూ మహాసముద్రంలో ఒకచోట ఆకర్షణ తక్కువై సముద్రమట్టమే నూరు మీటర్లకు పైగా కిందికి ఉన్నది. కంటికి చదునుగా కనబడే సముద్రం కూడా గుండు చెప్పినట్టే వింటుందన్న మాట.

ఇంతటి జ్ఞానానికి దారి తీసింది ఐదు సెకండ్ల తేడా. ఇంత చిన్న తేడా ఎవరు చూస్తారులే అని ఎవరెస్టు ఆ అంకెలను చెరిపేసి ఉంటే ప్రాట్‌కు ప్రశ్న దొరికేది కాదు, ఎయిరీకి జవాబు తట్టేది కాదు. బడిలో లెక్క కుదరనప్పుడు జవాబు చూసి అంకెలు మార్చే పిల్లలకు ఈ మాట చెప్పాలి. లెక్క కలవని చోటనే కొత్త సంగతి దాగి ఉండవచ్చు. దాన్ని ఉన్నది ఉన్నట్టు రాసి పెట్టండి. మీకు అర్థం కాకపోయినా మీ తర్వాత వచ్చే వాళ్లకు అర్థమవుతుంది. ఆ అంకెల వెనుక మన అడవుల్లో రాలిపోయిన పేరులేని ఖలాసీల ప్రాణాలు, ఒక ఆర్కాటు పనివాడి వేళ్ల నేర్పు ఉన్నాయని కూడా చెప్పండి.